పట్టాలు కొనడం తేలికే, తేవడమే గండం
పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

పోయిన సంచికలో అమెరికా ఉత్తరాదికీ, విడిపోయిన దక్షిణాది రాష్ట్రాలకూ మధ్య జరిగిన అంతర్యుద్ధం (1861–65) నాటి రైళ్ల మీద వేసిన వ్యాసంలో ఒక వాక్యం ఉంది: 'దక్షిణాది ప్రభుత్వం నాలుగేళ్లలో ఒక్క కొత్త పట్టా కూడా పోత పోసుకోలేకపోయింది.' వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఆ వాక్యం మీదే. ముందుగా మా తప్పు ఒప్పుకోవాలి. పట్టాను పోత పోయరు, రోలింగ్ మిల్లులో సాగదీస్తారు. లాలాగూడ, మెట్టుగూడ పాఠకులు ముగ్గురు చురక వేశారు. సరిదిద్దుకున్నాం. ఇంకో సంగతి: బరువుకీ డబ్బుకీ పౌను అనే మాటే ఉండటంతో తికమక అవుతుంది. అందుకే బరువుకు పౌను అనీ, డబ్బుకు స్టెర్లింగ్ అనీ రాస్తున్నాం. టన్ను అంటే ఆనాటి ఇంగ్లీషు టన్ను, 2,240 పౌన్లు.

ప్రశ్న: దక్షిణాది వాళ్ల దగ్గర పత్తి ఉంది. ఇంగ్లండు మిల్లులు ఆ పత్తి కోసం మొహం వాచి ఉన్నాయి. అదే ఇంగ్లండులో పట్టాలు గుట్టలు గుట్టలుగా ఉన్నాయి. పత్తి ఇచ్చి పట్టాలు తెచ్చుకోవడానికి ఏం అడ్డొచ్చింది? డబ్బు లేకనా, ఉత్తరాది నౌకాదళం పట్టుకోవడం వల్లనా?
– రిటైర్డ్ రైల్వే ఉద్యోగి, లాలాగూడ

జవాబు: మీరు చెప్పిన రెండూ కావు. దిగ్బంధం దాటే ఓడలకు అంత బరువు మోసే శక్తి లేకపోవడం వల్ల.

మైలు లైనుకు ఎన్ని టన్నుల ఇనుము కావాలో తెలుసుకోవడానికి ఒక పాత సూత్రం ఉంది. పట్టా గజం బరువును పౌన్లలో తీసుకుని 11తో హెచ్చవేసి 7తో భాగించాలి. అప్పట్లో దక్షిణాదిలో తిరిగిన పట్టా గజానికి 50, 60 పౌన్లు. 50 పౌన్లదైతే మైలుకు 78½ టన్నులు, 60 పౌన్లదైతే 94 టన్నులకు కాస్త పైన. మీరు రోజూ చూసిన 60 కిలోల పట్టాతో పోలిస్తే ఇది పిల్ల పట్టా. 50 పౌన్ల పట్టా మీటరుకు 25 కిలోలు కూడా తూగదు. అయినా మైలుకు 78 టన్నులు!

ఇప్పుడు ఒక అసలైన లైను తీసుకుందాం. వర్జీనియాలోని డాన్‌విల్ నుంచి నార్త్ కరోలినాలోని గ్రీన్స్‌బరో దాకా 48 మైళ్ల ఖాళీ ఉండేది. దాన్ని పూడ్చడానికి దక్షిణాది కాంగ్రెసు (వాళ్ల చట్టసభ) 1862 ఫిబ్రవరిలో పది లక్షల డాలర్లు కేటాయించింది. 50 పౌన్ల పట్టా వేస్తే సుమారు 3,770 టన్నులు. వేల్స్ ఫ్యాక్టరీ దగ్గర టన్ను 6 స్టెర్లింగ్ అనుకుంటే 22,600 స్టెర్లింగ్ చాలు.

పత్తి వైపు చూడండి. 1864లో లివర్‌పూల్‌లో పౌను పత్తి 24 పెన్సులు దాటి పలికింది. 240 పెన్సులు ఒక స్టెర్లింగ్ కాబట్టి 450 పౌన్ల బేలు ఒక్కటి 45 స్టెర్లింగ్. అంటే ఒక్క బేలుకు ఏడున్నర టన్నుల పట్టాలు! 600 బేళ్లు మోసుకుపోయిన ఒక్క ఓడ క్షేమంగా చేరితే 27,000 స్టెర్లింగ్. కిరాయిలూ కమీషన్లూ మేం తీసెయ్యలేదు. తీసేసినా రెండో ఓడతో డాన్‌విల్ లైను మొత్తానికీ ఇనుము వచ్చేస్తుంది. డబ్బు లేక కాదన్నది అందుకే.

ఇక నౌకాదళం. దక్షిణాది రేవులకు ఓడలు రాకుండా, పోకుండా ఉత్తరాది పెట్టిన కాపలాయే దిగ్బంధం. ఆవిరి ఓడలు దాన్ని దాటడానికి చేసిన ప్రయత్నాల్లో నాలుగింట మూడు సఫలమయ్యాయి. అంటే పట్టుబడిన వాటి కంటే దాటిపోయినవే ఎక్కువ. కానీ ఎలాంటి ఓడలు దాటాయి? సన్నగా పొడుగ్గా, బూడిద రంగు పూసుకుని, పొగ రాని ఆంత్రసైట్ బొగ్గు మండిస్తూ, అమావాస్య రాత్రి దీపాలు ఆర్పుకుని పోయేవి. వాటికి 'రన్నర్లు' అని పేరు. వేగమే వాటి ప్రాణం, లోతు తక్కువ నీళ్లలో పోగలగడమే వాటి గొప్ప. అలాంటి ఓడ 250 టన్నుల ఇనుము మోస్తుందనుకున్నా డాన్‌విల్ లైనుకు 15 ట్రిప్పులకు కాస్త పైనే పడుతుంది. పైగా ఆ 15 ట్రిప్పుల్లో తుపాకీ గానీ, మందుగుండు గానీ, బూటు జత గానీ, పంది మాంసం పీపా గానీ వేయకూడదు. యుద్ధంలో ఉన్న ప్రభుత్వం ఏది ఎంచుకుంటుంది? తుపాకీ తొమ్మిది పౌన్లు. పెట్టె బరువు కలుపుకున్నా టన్నుకు నూటయాభై తుపాకులు తగ్గవు. అదే టన్నుకు 50 పౌన్ల రకం 20 అడుగుల పట్టాలు ఆరు దాటి ఏడోది సగానికి పైగా, అంతే.

అసలు పొరపాటు 1861లోనే జరిగింది. లింకన్ ఏప్రిల్ 19న దిగ్బంధం ప్రకటించే నాటికి 3,500 మైళ్ల తీరానికి కాపలా కాయడానికి ఉత్తరాది దగ్గర ఓడలు చాలినన్ని లేవు. ఆ ఏడాది మామూలు పెద్ద తెరచాప ఓడలు ఒక్కొక్కటి రన్నరు కంటే మూడు నాలుగు రెట్లు మోసుకొచ్చేవి. ఆ సమయంలో దక్షిణాది వాళ్లు ఏం చేశారు? పత్తి ఆపేస్తే ఇంగ్లండు కాళ్ల బేరానికి వస్తుందని తమ పత్తిని తామే రేవుల్లో ఆపుకున్నారు. 1862 ఏప్రిల్లో న్యూ ఆర్లియన్స్ పోయింది. అమ్మాలని బుద్ధి పుట్టేసరికి పెద్ద ఓడ వచ్చే దారి మూసుకుపోయింది.

ప్రశ్న: ఓడలో ఇనుము వేస్తే ఇనుమే కదా, బరువు తప్ప వేరే ఇబ్బంది ఏముంటుంది? ఓడకు అడుగున బరువు మంచిదే అంటారు.
– మెకానికల్ ఇంజనీరింగ్ విద్యార్థి, తార్నాక

జవాబు: కొంత బరువు మంచిదే. పట్టాల బరువుతోనే చిక్కు. పత్తి అయితే ఓడ నిండేసరికి చోటు అయిపోతుంది, మోయగల బరువు ఇంకా మిగిలి ఉంటుంది. ఇనుము అయితే అడుగున మోకాలెత్తు పేర్చేసరికి మోయగల బరువు అయిపోతుంది, పైన అంతా ఖాళీ. బరువంతా అడుగున చేరితే అలకు ఒరిగిన ఓడ నెమ్మదిగా లేవదు, రబ్బరు బొమ్మలా విసురుగా లేస్తుంది. అటూ ఇటూ ఆ విసుర్లకు తేలిక ఓడల రివిట్లు వదులవుతాయి, యంత్రాల పునాదులు కదులుతాయి.

అందుకే పెద్ద ఓడల్లో పట్టాలను ఒక వరస ఏటవాలుగా, దాని మీద వరస ఎదురు ఏటవాలుగా, జాలీలా ఖాళీలు వదిలి పేరుస్తారు. బరువు కాస్త పైకి లేస్తుంది. రన్నరులో ఆ పని కుదరదు. 1863లో అట్లాంటిక్ దాటిన మొదటి ఉక్కు ఓడ 'బాన్షీ' వెడల్పు 20 అడుగులే. 20 అడుగుల పట్టాను దాని కడుపులో ఓడ పొడుగునా తప్ప పడుకోబెట్టలేం. మూత రంధ్రాలు చిన్నవి కాబట్టి లోపలికి ఏటవాలుగా దింపి తిప్పుకోవాలి, చెయ్యి జారితే అడుగు రేకు చిరుగుతుంది. ఉక్కుతో కట్టిన ఓడకు ఇనుమే మోయలేని సరుకు అయింది.

ఇంకోటి దిక్సూచి. ఓడ అడుగున రెండొందల టన్నుల ఇనుము పేర్చాక సూది ముందు చూపించిన దిక్కు చూపించదు. ఓడను రేవులో నెమ్మదిగా చుట్టూ తిప్పి, తెలిసిన గుర్తులతో పోల్చి, ఎంత తేడా వస్తోందో రాసుకోవాలి. పగలు లైట్‌హౌసు చూసుకుంటూ పోయే ఓడకు ఇది చిన్న విషయం. చీకట్లో ఇసుక మేటల మధ్య, నార్త్ కరోలినాలోని విల్మింగ్టన్ రేవుకు దారి అయిన కేప్ ఫియర్ నది మూతి వెతుక్కునే ఓడకు మాత్రం తేడా వస్తే మేట మీద ఎక్కడమే.

ప్రశ్న: యుద్ధ కాలంలో ప్రభుత్వం విదేశంలో సరుకు కొనాలంటే కాగితాల పని ఎలా సాగేది? మా ఆఫీసులో టెండరు, ఇండెంటు, ఇన్‌స్పెక్షన్ అని ఆరు నెలలు పడుతుంది.
– స్టోర్స్ విభాగం ఉద్యోగి, సికింద్రాబాద్

జవాబు: వాళ్లకూ ఇవే మెట్లు, మధ్యలో సముద్రం అదనం. దక్షిణాది రాజధాని రిచ్మండ్ నుంచి ఇండెంటు, అంటే కావాల్సిన సరుకు పట్టీ, పోవాలి. అందులో గజం బరువు, పొడుగు, రంధ్రాల కొలత ఉంటే చాలదు, పట్టా అడ్డకోత నమూనా జత చేయాలి. తల వెడల్పు, ఎత్తు ఒక మిల్లుకూ ఇంకో మిల్లుకూ కలవవు. ఎత్తులో పావు అంగుళం తేడా ఉన్నా జాయింటు దగ్గర మెట్టు వస్తుంది, చక్రం ప్రతిసారీ అక్కడ సుత్తిలా కొడుతుంది. ఆ ఉత్తరం కూడా రన్నరులోనే పోవాలి. ఓడ పట్టుబడితే కాగితాలు సంచితో సహా నీళ్లలోకి.

అవతల లివర్‌పూల్‌లో ఫ్రేజర్ ట్రెన్‌హోమ్ కంపెనీ దక్షిణాది ప్రభుత్వానికి బ్యాంకు లాంటిది. ఆయుధాలు కొనే అధికారి కేలెబ్ హ్యూజ్. మొదట్లో సైన్యం, నౌకాదళం, రాష్ట్రాలు ఎవరి దారి వారిదే, ఒకే సరుకు కోసం ఒకరి మీద ఒకరు ధర పెంచుకునేవాళ్లు. 1863 మార్చిలో ఎర్లాంజర్ అనే బ్యాంకు ద్వారా అప్పు వచ్చింది: 30 లక్షల స్టెర్లింగ్, 7 శాతం వడ్డీ, బాండు ఉన్నవాడు పౌను 6 పెన్సుల లెక్కన పత్తి తీసుకోవచ్చు. అప్పటి లివర్‌పూల్ ధర దానికి మూడు రెట్లకు పైగా ఉంది. కానీ ఆ పత్తి దక్షిణాదిలో ఉంది, తెచ్చుకోవడం బాండుదారుడి ఖర్మ. ఆ అప్పు వ్యవహారాలు చూడటానికి కాలిన్ మెక్‌రేను పంపారు. పద్దులు ఒక చేతి కిందికి తెచ్చినవాడు ఆయనే, అప్పటికి సగం యుద్ధం అయిపోయింది.

సరుకు ఇంగ్లండు రేవు నుంచి నేరుగా రాదు. మామూలు ఇంగ్లీషు ఓడలో బెర్ముడా దీవికో, బహామాస్ దీవుల్లోని నసావుకో చేరుతుంది. రెండూ ఇంగ్లీషు వాళ్లవే కాబట్టి కాగితాల మీద అది ఇంటి నుంచి ఇంటికి ప్రయాణం. అక్కడ దించి రన్నరులోకి మార్చాలి. నసావు నుంచి విల్మింగ్టన్ సుమారు 570 మైళ్లు, మూడు రోజులు. ఉత్తరాది ఈ ఎత్తు కనిపెట్టింది. చివరి గమ్యం దిగ్బంధంలోని రేవే అయితే మధ్యలో ఆగినంత మాత్రాన పవిత్రం కాదని వాదించి 1863 ఫిబ్రవరిలో లండన్ నుంచి నసావు పోతున్న 'స్ప్రింగ్‌బాక్' ఓడను పట్టుకుంది.

రన్నర్లు ఎక్కువ ప్రైవేటువి. యజమానికి టన్ను చోటుకు పదుల స్టెర్లింగ్ కిరాయి వస్తుంటే, ఆరు స్టెర్లింగుల పట్టా ఎందుకు వేస్తాడు? పట్టు బట్టలూ, బ్రాందీ వేస్తాడు. ఆయుధాల శాఖ అధిపతి జోసయా గోర్గాస్ సొంతంగా ఓడలు కొని నడిపాడు. అవి బాగా పనిచేశాయి, కానీ 'కార్నూబియా', 'రాబర్ట్ ఇ. లీ' రెండూ 1863 నవంబరులో పట్టుబడ్డాయి. చివరకు 1864 ఫిబ్రవరి 6న విలాస వస్తువుల దిగుమతి నిషేధిస్తూ, విదేశీ వ్యాపారాన్ని అదుపులోకి తెస్తూ చట్టాలు చేశారు. ప్రతి ఓడలో సగం చోటు ప్రభుత్వానిదన్నారు. ఇది 1862లో చేయాల్సిన పని. 1865 జనవరి 15న విల్మింగ్టన్ రేవుకు కాపలాగా ఉన్న ఫిషర్ కోట పడిపోయి ఆ రేవు మూతపడింది. అంటే ఆ నియమం పట్టుమని ఏడాది కూడా నడవలేదు. ఆ సగంలో కూడా ఆయుధాలూ తిండీ పోగా పట్టాల వంతుకు వచ్చింది లెక్కకు అందేంత లేదు.

ప్రశ్న: రిచ్మండ్‌లో ట్రెడెగర్ లాంటి పెద్ద ఇనుప కార్ఖానా ఉందిగా?
– పాఠకురాలు, నల్లకుంట

జవాబు: ఉంది. ఫిరంగులు చేస్తూ ఉంది. దానికి దొరికే ముడి ఇనుమే దాని శక్తికి చాలేది కాదు. మిగిలిన దాని మీద నౌకాదళం కన్ను. 'వర్జీనియా' అనే కవచ నౌకకు రెండంగుళాల పలకలు రెండు వరసలు ఇక్కడే సాగదీశారు. పాత పట్టాలు అందులోకి పోయాయి. 'అర్కన్సాస్' నౌకకైతే పలకల దాకా ఆగలేదు, పట్టాలనే పక్కపక్కన పేర్చి బిగించారు. అట్లాంటాలో 1858లో పెట్టిన రోలింగ్ మిల్లు అరిగిన పట్టాలను మళ్లీ సాగదీయడానికే పెట్టింది. యుద్ధం వచ్చాక అదీ కవచాల పలకల్లోకి దిగింది. 1864 సెప్టెంబరు 1 రాత్రి దక్షిణాది జనరల్ హుడ్ సేనలు ఊరు ఖాళీ చేస్తూ పక్కనున్న మందుగుండు బళ్లను పేల్చినప్పుడు మిల్లు కూడా పోయింది.

ప్రశ్న: మరి డాన్‌విల్ లైను పూర్తయిందన్నారు కదా పాత వ్యాసంలో. పట్టాలు ఎక్కడివి?
– పాఠకుడు, కాచిగూడ

జవాబు: పక్క లైన్లు పీకి తెచ్చినవి. 1863 మొదట్లో యుద్ధ శాఖ ఒక ఇనుప కమిషన్ వేసింది. ఏ లైను లేకపోయినా సైన్యానికి నష్టం లేదో చూసి, దాని పట్టాలు పీకి ముఖ్యమైన చోటికి పంపడం దాని పని. చెప్పినంత తేలిక కాదు. ఒక మైలుకు 20 అడుగుల పట్టాలు 528. రెండడుగులకో స్లీపరు (పట్టాల కింది అడ్డదుంగ) చొప్పున 2,640 స్లీపర్లు, స్లీపరుకు నాలుగు మేకుల చొప్పున 10,560 మేకులు. పీకేటప్పుడు మేకుల తలలు ఊడతాయి, మళ్లీ పనికొచ్చేవి తగ్గుతాయి. పట్టాల కొసలు చక్రాల దెబ్బకు చదునై ఉంటాయి, రెండు వైపులా కోసి మళ్లీ రంధ్రాలు వేయాలి. పట్టా పొట్టిదైతే జాయింట్లు పెరుగుతాయి, జాయింట్లు పెరిగితే మేకులూ పలకలూ పెరుగుతాయి. తల లోపలి అంచు మాత్రమే అరిగి ఉంటే పట్టాను అటు కొస ఇటు వచ్చేలా తిప్పి వేసుకోవచ్చు, ఇప్పటికీ చేసే పనే. పొరలు లేచిపోతే చేయగలిగింది లేదు. ఆనాటి పట్టా పుడ్లింగ్ ఇనుము (కొలిమిలో కలియబెట్టి తీసిన ఇనుము) ముక్కలను కట్టగా పేర్చి వేడిచేసి సాగదీసినది. అతుకు వదిలితే ఉల్లిపాయలా పొర లేస్తుంది.

లైన్ల యజమానులు ఊరుకోలేదు. ఫ్లోరిడా రైల్‌రోడ్ డేవిడ్ యూలీది, ఒకప్పటి సెనేటరు. ఆయన పట్టాలు పీకొద్దని కోర్టు ఉత్తర్వు తెచ్చాడు. సైన్యం 1864లో పీకనే పీకింది. వాటితో ఫ్లోరిడానూ జార్జియానూ కలిపే లైను వేశారు. అది పూర్తయింది 1865 మార్చిలో, నెల దాటగానే దక్షిణాది సేనాధిపతి లీ లొంగిపోయాడు.

డాన్‌విల్ లైను మాత్రం ఫలితం ఇచ్చింది. 1864 మేలో పూర్తయింది. ఆగస్టులో పీటర్స్‌బర్గ్ దక్షిణాన వెల్డన్ లైను తెగిపోయాక రిచ్మండ్‌కు తిండి చాలావరకు ఈ దారినే. ఒక చిక్కు: రిచ్మండ్–డాన్‌విల్ లైను 5 అడుగుల గేజ్, నార్త్ కరోలినా లైను 4 అడుగుల 8½ అంగుళాలు. దారిలో ఒకచోట సరుకంతా దించి ఎక్కించక తప్పదు. మీటర్ గేజ్ బండి దిగి బ్రాడ్ గేజ్ ఎక్కిన కాచిగూడ వాళ్లకు ఆ బాధ చెప్పక్కర్లేదు.

ప్రశ్న: ఉత్తరాది జనరల్ షెర్మన్ సైన్యం పట్టాలను చెట్లకు చుట్టిందని చదివాను. వంగిన ఇనుమును కాల్చి సాపు చేసుకోలేరా? కమ్మరి రోజూ చేసేదేగా?
– పాఠకుడు, మౌలాలి

జవాబు: వంగినదాన్ని చేయొచ్చు, మెలితిరిగినదాన్ని చేయలేం. తేడా షెర్మన్‌కు బాగా తెలుసు. 1864 జులైలో ఇచ్చిన ఆదేశాల్లో ఉత్తి వంపు చాలదు, ఎర్రగా ఉన్నప్పుడు మెలి తిప్పాలని స్పష్టంగా రాశాడు. పద్ధతి ఇదీ: స్లీపర్లు పీకి గుట్ట వేసి నిప్పు పెట్టడం, పట్టాలను మధ్యభాగం మంట మీద ఉండేలా అడ్డంగా వేయడం. మధ్య ఎర్రబడుతుంది, కొసలు చల్లగా ఉంటాయి, పట్టుకోవచ్చు. చెట్టు చుట్టూ తిప్పితే అది 'షెర్మన్ నెక్‌టై'. రెండు కొసలకు కొక్కేలు తగిలించి ఎదురెదురుగా తిప్పితే మెలి పడుతుంది, తల ఒకవైపు, పాదం ఒకవైపు. దాన్ని సుత్తితో సరిచేస్తే అతుకులు విచ్చుకుంటాయి. మళ్లీ అతుకు పడే వేడికి తెచ్చి రోలింగ్ మిల్లులో సాగదీయాలి. మిల్లులు ఏమయ్యాయో పైన చెప్పాం. తొందరలో ఉన్న సైనికులు చాలాచోట్ల వంచి వదిలేశారు, అవి వారాల్లో మళ్లీ లైనెక్కాయి.

ప్రశ్న: 1948లో హైదరాబాద్ సంస్థానానికి సరుకులు ఆపినప్పుడు నిజాం ప్రభుత్వం విమానాల్లో ఆయుధాలు తెప్పించిందంటారు. రైలు సామాన్లు కూడా వచ్చాయా?
– పాఠకుడు, మలక్‌పేట

జవాబు: సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియన్ కరాచీ నుంచి లాంకాస్ట్రియన్ విమానాల్లో రాత్రిళ్లు దించినది ఆయుధాలు. విమానం ఐదు టన్నులు మోస్తుందనుకుని లెక్క వేసుకోండి: గజానికి 90 పౌన్ల పట్టా అయితే మైలుకు 141 టన్నులు, అంటే మైలుకు 28 ట్రిప్పులు. పైగా పట్టా నిలువునా విమానంలో పట్టాలి.

ప్రశ్న: యుద్ధం కోసం మన దేశంలో ఎప్పుడైనా లైన్లు పీకారా?
– పదో తరగతి విద్యార్థిని, బోయిన్‌పల్లి

జవాబు: పీకారమ్మా, రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ. మనకు తేవడానికి కాదు, ఇక్కడి నుంచి పంపడానికి. కొన్ని బ్రాంచి లైన్లు ఎత్తేసి పట్టాలు ఓడల్లో మెసొపొటేమియా (ఇప్పటి ఇరాక్) వైపు పంపారు. మొదటి యుద్ధంలో సాక్చి టాటా కార్ఖానా పట్టాలు కూడా అక్కడికి పోయాయి. ఆ సాయానికి గుర్తుగా 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ సాక్చికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు. అప్పుడు సముద్రం మీద కాపలా ఇంగ్లీషు వాళ్లదే కాబట్టి పెద్ద ఓడల్లో, జాలీలా పేర్చి, పగటిపూట పంపారు.